అత్తయ్య స్వెటర్ వేసుకున్న వేసవి

ఆ వేసవిలో మా ఇంట్లో మొదటి తగాదా ఫ్యాను దగ్గర వచ్చింది.

ఇంటి ముందుగదే మా కుట్టు దుకాణం. బడులకు సెలవులిచ్చిన రోజు నుంచి మళ్లీ తెరిచే రోజు దాకా మాకు ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. మా వీధి బడి పిల్లలందరి యూనిఫారాలూ మా బల్ల మీద నుంచే వెళ్లాలి. రెండు కుట్టు మిషన్లు, సగం గదిని ఆక్రమించిన కటింగు బల్ల, ఇస్త్రీ పెట్టె, గోడవారన నిలబెట్టిన తెల్లగుడ్డ తానులు, నీలంగుడ్డ తానులు. పైన రేకుల కప్పు. మధ్యాహ్నం అయ్యేసరికి ఆ గదిలో సుద్దముక్కకు కూడా చెమట పడుతుంది. అలాంటి గదిలో, అలాంటి మధ్యాహ్నం, మా అత్తయ్య లేచి వెళ్లి ఫ్యాను ఆపేసింది.

"అత్తయ్యా, ఉడికిపోతున్నాం" అన్నాను.

"చలేస్తోందమ్మాయ్" అంది.

హాస్యమనుకుని నవ్వాను. ఆవిడ హాస్యమాడేటప్పుడు ముఖం ఎప్పుడూ అంత గంభీరంగానే పెడుతుంది. కానీ ఆవిడ లోపలికి వెళ్లి, పాత స్వెటర్ తొడుక్కుని, మెడ దాకా గుండీలు పెట్టుకుని వచ్చి మళ్లీ బల్ల ముందు నిలబడింది. దగ్గరికి వెళ్లి చేతులు పట్టుకుని చూశాను. నిజంగానే చల్లగా ఉన్నాయి. చర్మం ఒకసారి కూడా నీళ్లలో పడని కొత్తగుడ్డలా గరగరలాడింది.

వీధిలో మా అత్తయ్యను కత్తెరమ్మ అంటారు. ఆ కత్తెర చేతిలోదో నోట్లోదో మాత్రం ఎవరూ తేల్చి చెప్పరు. పిల్లాణ్ణి గుమ్మంలో నిలబెట్టి పైనుంచి కిందికి ఒక్కసారి చూసేది. ఛాతీ ఇంత, భుజం ఇంత, వచ్చే నెలకి ఇంకో వేలెడు సాగుతాడు, మడత ఎక్కువ వదులు అనేది. అనుమానం తీరక నేను టేపు పెట్టి చూస్తే అంతే ఉండేది. "ఏం, నా కళ్ల మీద నమ్మకం లేదా, టేపు నీకు మేనమామా?" అనేది. నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నా మొదటి చొక్కా చూసి, "ఇది కుట్టు కాదమ్మాయ్, చీమలబారు, బెల్లం ఎక్కడుందో చూపించు" అని మొత్తం విప్పించింది. ఆవిడ తిట్టిందంటే చాలు, ఆ రోజు సవ్యంగా నడుస్తున్నట్టు మా లెక్క.

ఆ వేసవిలో ఆవిడ తిట్టడం మానేసింది.

మొదట అందరూ సంతోషించారు. చొక్కాలకు కాజాలు కుట్టి గుండీలు పెట్టే పెద్దాయన ఒకాయన మా దగ్గర పనిచేస్తాడు. ఎవరికీ చుట్టం కాడు, వీధి మొత్తానికి కాజాల మావయ్య. ఆయనైతే, "అక్కయ్య నోటికి కూడా వేసవి సెలవులిచ్చినట్టున్నారు" అన్నాడు. మామూలుగా అయితే ఆ మాటకు ఆయన తాతముత్తాతల దాకా వెళ్లి వచ్చేది. ఆ రోజు ఆవిడ ఆయన వంక చూసి, చాలాసేపటికి, "ఆఁ" అంది. మావయ్య సూది పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. "అమ్మాయ్, ఈవిడకేదో అయింది" అని నాతో మెల్లిగా అన్నాడు.

అయింది. ఏమైందో చెప్పేవాళ్లే లేరు. ఆవిడ మాట సాగదీసినట్టు, గొంతులో దూది పెట్టుకున్నట్టు వచ్చేది. పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బు. తినేది పిడికెడు, ఒళ్లు మాత్రం పెరుగుతోంది. జాకెట్టు కుట్లు రెండుసార్లు వదులు చేశాను. దువ్వెన నిండా జుట్టు. మిషను మీద కూర్చుని, పాదం తొక్కుడు పలక మీద పెట్టి, అలాగే కునుకు తీసేది. చేతివేళ్లు తిమ్మిరెక్కి కత్తెర జారిపోయేది. ఒక్కొక్కటిగా వచ్చాయి కాబట్టి ఒక్కోదానికీ ఒక్కో కారణం చెప్పుకున్నాం. ఎండకి నీరసం. పనికి అలసట. తిండి తగ్గి జుట్టు రాలడం. అన్నిటినీ ఒకే దారానికి గుచ్చాలని ఎవరికీ తోచలేదు.

ఒక సాయంత్రం ఎడమ ముక్కల సంగతి బయటపడింది.

చొక్కాకు ముందువైపు ఎడమ ముక్క ఒకటి, కుడి ముక్క ఒకటి ఉంటాయి. యూనిఫారం గుడ్డకు మెరుపు ఒకవైపే. అందుకని రెండు పొరలను మెరుపు ముఖాలు ఎదురెదురుగా పెట్టి కోస్తాం. అప్పుడు ఒక్క కోతకు ఎడమా కుడీ రెండూ వస్తాయి. ఈ పని నేర్చుకునేవాళ్లకు మొదట చెప్పే పాఠమే అది. ఆ రోజు అత్తయ్య పొరలన్నీ ఒకేవైపు తిప్పి పరిచింది. పొద్దుటి నుంచి నిలబడి తెల్లగుడ్డ తాను మొత్తం కోసింది. సాయంత్రం కుట్టడానికి నేనొక ముక్క తీశాను, ఎడమ. దాని జత కోసం ఇంకోటి తీశాను, అదీ ఎడమే. కట్ట అంతా తిరగేశాను. కుడి అన్నది లేదు.

మావయ్య కూడా సూది పక్కన పెట్టి కట్టంతా తిరగేశాడు.

అత్తయ్య వచ్చి కట్ట వైపు చూసింది. ఒక ముక్క తీసి వెలుతురుకు పట్టింది. నెమ్మదిగా నా వైపు తిరిగి, "ఎవరమ్మాయ్ కోసింది?" అని అడిగింది.

కోపంతో అడిగినా, బుకాయించడానికి అడిగినా నాకు అంత భయమేసేది కాదు. ఆవిడ నిజంగానే అడిగింది.

మా ఆయన లిఫ్టు మెకానిక్. నిండా గ్రీజుతో, పెద్దపెద్ద మేడల ఇరుకు గొట్టాల్లో వేలాడి పనిచేసే మనిషి. దేనికీ జంకడు, వాళ్లమ్మ విషయంలో తప్ప. ఆ ముక్కలు చూపిస్తే బల్ల అంచు పట్టుకుని కూర్చుండిపోయాడు.

"అమ్మకి వయసైపోయింది. మనం ఒప్పుకోవాలి" అన్నాడు.

"వయసు మెట్టు మెట్టూ ఎక్కి వస్తుంది గానీ ఇలా గోడ దూకి వస్తుందా? రుతువు మారినట్టు మనిషి ఇంత తొందరగా మారిపోతుందా?"

"డాక్టరు చెప్పాడుగా."

వీధి మొదట్లో ఉండే డాక్టరు దగ్గరికి అప్పటికే తీసుకెళ్లాం. ఆయన నాడి చూసి, కళ్ల రెప్పలు లాగి చూసి, ఈ వయసులో ఇవన్నీ మామూలే, రక్తం కాస్త తక్కువగా ఉంది అని ఐరన్ మాత్రలు రాసిచ్చాడు.

"చూడు, లిఫ్టు పాతదైతే తాడు మార్చొచ్చు, మోటారు మార్చొచ్చు. మనిషికి అవేం కుదరవు" అన్నాడు మా ఆయన.

"లిఫ్టు ఆగిపోయిందని కబురొస్తే, మూత కూడా తీసి చూడకుండా పాతదైపోయిందని చెప్పి వచ్చేస్తారా మీరు?"

ఆయన చేతులకంటిన గ్రీజు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"రేపు పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నాను. మీరొస్తే ముగ్గురం వెళ్తాం, రాకపోతే ఇద్దరం వెళ్తాం."

ఇద్దరమే వెళ్లాం. ఆయనకు మర్నాడు పని ఉంది, అది నిజమే. కానీ పని లేకపోయినా వచ్చేవాడు కాదు. వెళ్తే ఏం వినాల్సి వస్తుందోనని ఆయన భయం.

పెద్దాసుపత్రి వరండాలో బల్లలన్నీ నిండిపోయాయి. ఎండకు జనం అట్టముక్కలతో విసురుకుంటుంటే వాళ్ల మధ్య మా అత్తయ్య స్వెటర్ వేసుకుని కూర్చుంది. చూసినవాళ్లు మళ్లీ చూశారు. మా వంతు వచ్చి లోపలికి వెళ్లగానే అక్కడున్న డాక్టరమ్మ కూడా ముందు స్వెటర్‌నే చూసింది. కాకపోతే ఆవిడ నవ్వలేదు, కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"గొంతు ఎప్పటినుంచి ఇలా ఉందమ్మా?"

"ఎలా?"

"బొంగురుగా."

అత్తయ్య ఆలోచించింది. జవాబు ఎక్కడో లోతు బావిలోంచి చేదుకుంటున్నంత సేపు పట్టింది. "నా గొంతు నాకెలా తెలుస్తుంది" అంది.

"కనుబొమల చివర్లు పీకిస్తారా?"

"నాకిప్పుడు పెళ్లిచూపులా?"

డాక్టరమ్మ నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఆ ఒక్క మాటలో మా అత్తయ్య లోపల ఎక్కడో ఉందని తెలిసింది. అప్పుడు చూశాను, కనుబొమలు బయటివైపు సగం పల్చబడిపోయి ఉన్నాయి. రోజూ చూసే ముఖంలో నేను చూడలేదు. డాక్టరమ్మ ఆవిణ్ణి కుర్చీ మీద మోకాళ్లపై నిలబెట్టి, మడమ వెనక నరం మీద చిన్న సుత్తితో తట్టింది. పాదం కదిలింది గానీ, తిరిగి తన చోటికి రావడానికి తొందర లేనట్టు మెల్లగా వచ్చింది. ఇంకోసారి తట్టి చూసి, తల పంకించి, రక్తపరీక్షకు రాసింది.

ఫలితం వచ్చాక మళ్లీ వెళ్లాం. డాక్టరమ్మ తన మెడ మీద, చొక్కాకు పై గుండీ పడే చోట వేళ్లు పెట్టి చూపించింది.

"ఇక్కడ థైరాయిడ్ అని ఒక గ్రంథి ఉంటుంది. ఒంట్లో ప్రతి పనీ ఎంత వేగంగా జరగాలో అది చెబుతుంది. వేడి, ఆకలి, గుండె, నిద్ర, తెలివి, అన్నీ. మీకు అది దాదాపు పని మానేసింది. పనిచెయ్యి, పనిచెయ్యి అని తలలోంచి దానికి ఒక కేక వెళ్తుంది. ఈ కాగితంలో పెద్ద అంకె ఉంది చూశారా, అది ఆ కేక. మామూలుగా మెల్లిగా పిలిస్తే పలకాలి. మీకు గొంతు చించుకుంటున్నా పలకట్లేదు."

"అయితే ఇది వయసు చాదస్తం కాదా?" అని నేనడిగాను.

"ఇది నయం చెయ్యదగ్గ జబ్బు. మతిమరుపు కూడా చాలామటుకు దీనివల్లే అయ్యుండొచ్చు. మందు వాడి చూద్దాం."

అత్తయ్య చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "ఎందుకొచ్చింది?" అని అడిగింది. ఆ వేసవిలో ఆవిడ దేని గురించైనా ఎందుకని అడగడం అదే మొదటిసారి.

డాక్టరమ్మ ఒక్కొక్కటే అడుగుతూ పోయింది. మెడకు ఎప్పుడైనా ఆపరేషన్ అయిందా, లేదు. మెడ దగ్గర కరెంటు వైద్యం లాంటిదేమైనా ఇచ్చారా, లేదు. గుండె దడకు గానీ మనసు బాలేకపోతే గానీ మందులు వాడారా, కొన్ని మందులు కూడా ఈ గ్రంథిని పాడుచేస్తాయి అంది. వాడలేదు. ఏ ఉప్పు వాడతారు అని అడిగింది. దుకాణంలో దొరికే అయొడిన్ ఉప్పే అని నేను చెప్పాను. అయొడిన్ మరీ తక్కువైనా కష్టమే, మరీ ఎక్కువైనా కష్టమే, మీకు ఆ సమస్య కనబడట్లేదు అంది. తర్వాత ఇంకో పరీక్ష కాగితం తీసింది.

"మీ విషయంలో కారణం ఇది. జబ్బులతో పోరాడటానికి ఒంట్లో కాపలా ఉంటుంది కదా. అది పొరబడి ఈ గ్రంథినే శత్రువనుకుని కొడుతోంది."

"కాపలాకుక్క ఇంటివాళ్లనే కరిచినట్టు" అంది అత్తయ్య.

"సరిగ్గా అంతే."

"ఎందుకు కరుస్తుంది?"

"అది పూర్తిగా ఎవరికీ తెలియదమ్మా. ఆడవాళ్లలో ఎక్కువ. కుటుంబంలో ఎవరికైనా ఉంటే మిగతావాళ్లకు వచ్చే అవకాశం ఎక్కువ. అంతకుమించి తెలుసని చెబితే అబద్ధం చెప్పినట్టు."

అత్తయ్య చాలాసేపు ఆ కాగితం వైపే చూసింది. "మా అమ్మకి మెడ దగ్గర ఇంత ఉబ్బు ఉండేది. చివర చివర్లో గోడకేసి చూస్తూ కూర్చునేది. కసురుకునేవాళ్లం" అంది.

డాక్టరమ్మ అది కూడా చీటీలో రాసుకుంది. తర్వాత, "ఇప్పుడు చెప్పలేం. అయ్యుండొచ్చు. మీ పిల్లల్లో ఎవరికైనా ఇలాంటి లక్షణాలుంటే మాత్రం చూపించండి" అంది.

మాత్ర చిన్నది, మినపగింజంత. గుండె మీద భారం పడకుండా తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతామంది. రోజూ, జీవితాంతం వేసుకోవాలంది.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన ముఖం విప్పారింది. వాళ్లమ్మకు మాత్రలు తనే ఇస్తానన్నాడు. రోజూ పొద్దున్నే డ్యూటీకి వెళ్లేముందు వేడి టీ కలిపి, మాత్రలన్నీ అరచేతిలో పెట్టుకుని వెళ్లి, ఆవిడ మింగేదాకా నిలబడేవాడు.

కాజాల మావయ్య మాత్రం డాక్టరమ్మ చెప్పిన కారణానికి తృప్తి పడలేదు. మిషను మీద మెడ వంచి కూర్చోవడం వల్ల నరం నలిగిందన్నాడు. క్యాబేజీ తింటే వస్తుందన్నాడు. చివరికి, "కోపం దిగమింగుకునేవాళ్లకి గొంతు దగ్గర ఇలాంటివి వస్తాయట" అన్నాడు.

"అత్తయ్య ఏనాడు కోపం మింగింది మావయ్యా?" అన్నాను.

ఆయన ఆలోచించి, "అవునే, అంతా మేమే కదా మింగాం" అని మళ్లీ సూది అందుకున్నాడు.

నవ్వుకున్నాం గానీ, రోజులు గడిచే కొద్దీ నవ్వు తగ్గింది. మాత్రలు వేసుకుంటున్నా అత్తయ్యలో మార్పు లేదు. స్వెటర్ తియ్యలేదు. కునుకుపాట్లు పోలేదు. కోత నేను నెత్తినేసుకున్నాను. ఇంకో తాను తెప్పించి కుడి ముక్కలు కోసి జతలు కలిపాను. మిగిలిపోయిన ఎడమ ముక్కల్ని కాలర్లుగా, జేబులుగా మార్చాను. అత్తయ్యకు అంచులు మడిచే పని ఇస్తే, ఒక లాగు అంచు దగ్గరే మధ్యాహ్నం దాకా ఉండిపోయేది. బడి తెరిచే రోజు దగ్గరకొచ్చేస్తోంది. చూసిపోయే తల్లులు గుమ్మంలోనే గుసగుసలాడుకుని, ఈసారికి రెండు జతలు బయట కుట్టించుకుంటాంలే అంటున్నారు.

ఒకరోజు పని నుంచి వచ్చి మా ఆయన నా కళ్లలోకి చూడకుండా చెప్పాడు. "ఈ సీజను అయ్యాక ముందుగది అద్దెకిద్దాం. ఫోన్లు బాగుచేసే అతను అడుగుతున్నాడు. అమ్మ ప్రశాంతంగా లోపల కూర్చుంటుంది."

"మరి నేను?"

"నువ్వు లోపలే ఒక మిషను వేసుకుందువుగాని."

"అత్తయ్యని అడిగారా?"

"అడిగాను. సరే అంది."

"ఆవిడ ఇప్పుడు దేనికైనా సరే అంటోంది. ఇల్లు తగలబెడదామా అన్నా సరే అంటుంది. ఆ సరే ఆవిడది కాదు, జబ్బుది."

"మందు పనిచెయ్యట్లేదు కదా మరి?" అన్నాడాయన. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు సులువుగా ఉండేది. "నేను ఒక్కరోజు కూడా మానకుండా వేశాను. చూస్తున్నావుగా."

మర్నాడు కోతలన్నీ ఆపి, అత్తయ్యను తీసుకుని మళ్లీ పెద్దాసుపత్రికి వెళ్లాను. ఈసారి ఆయన్ని కూడా లాక్కుపోయాను. మందు ఇచ్చే చేతులు మీవి, అడిగితే జవాబు చెప్పాల్సింది మీరే అన్నాను. మళ్లీ రక్తం తీశారు. అంకె దిగలేదు. డాక్టరమ్మ మా ఆయన్ని అడిగింది.

"మాత్ర ఎలా ఇస్తున్నారు?"

"పొద్దున్నేనండీ. టీతో."

"దాంతోపాటు ఇంకేమైనా?"

"ఐరన్ మాత్ర. రక్తం తక్కువుందని ముందు రాసిచ్చింది. అన్నీ ఒకేసారి వేసేస్తాను, మర్చిపోకుండా ఉంటుందని."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "నా తప్పు, ముందే అడిగి ఉండాల్సింది. ఐరన్ ఈ మందును పట్టి ఉంచేస్తుంది, రక్తంలోకి వెళ్లనివ్వదు. టీ కూడా అడ్డమే. లేవగానే పరగడుపున ఒట్టి మంచినీళ్లతో ఇది ఒక్కటే వెయ్యండి. గంట దాకా టీ వద్దు. ఐరన్ మధ్యాహ్నం తర్వాత వెయ్యండి."

బయటికొచ్చాక మా ఆయన వరండా స్తంభానికి ఆనుకుని నిలబడిపోయాడు. "రోజూ నా చేత్తో" అన్నాడు.

అత్తయ్య ఆయన దగ్గరికి నడిచి వెళ్లింది. గ్రీజు వాసన వేసే ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది. "పద. ఆకలేస్తోంది" అంది. ఆకలేస్తోందన్న మాట మేం విని చాన్నాళ్లయింది. నిజంగా వేసిందో, కొడుకు కోసం అందో నాకిప్పటికీ తెలియదు.

ఆ తర్వాత కూడా మంత్రం వేసినట్టేం జరగలేదు. రోజులు పట్టింది. ఒక పొద్దున కళ్ల కింద ఉబ్బు తగ్గినట్టు అనిపించింది, అనిపించిందేమోలే అనుకున్నాను. ఇంకో రోజు ఆవిడ మిషను మీద కునుకు తియ్యలేదు. నేను తెల్లవారుజామునే లేచి కోతలు మొదలుపెట్టేదాన్ని. చేతివేళ్లకు బొబ్బలెక్కితే గుడ్డపీలిక చుట్టుకున్నాను. మావయ్య కాజాలతో పాటు ఇస్త్రీ కూడా నెత్తినేసుకున్నాడు. బడి తెరిచే నాటికి ప్రతి పిల్లాడి ఒంటి మీదా చొక్కా ఉండాలి, అది మా బల్ల మీద నుంచే వెళ్లాలి. ఈ గది ఇంకా మా దుకాణమేనని నోటితో వాదించి లాభం లేదు. పనిచేసి చూపించాలి.

ఫోన్ల అతను గది చూసుకోవడానికి రానే వచ్చాడు. మా ఆయన ఎప్పుడో రమ్మని చెప్పాడట, వద్దని చెప్పడానికి మొహమాటపడ్డాడట. మంచి మనిషే. చెప్పులు బయట విడిచి వచ్చి, పని చెడగొడుతున్నందుకు ఏమీ అనుకోవద్దన్నాడు. ఇనుప టేపు తీసి గోడవారన కొలవడం మొదలుపెట్టాడు. అద్దాల అలమరా ఒకటి ఆ గోడకు బిగించాలట. అత్తయ్య అంచు మడుస్తూ కూర్చుంది. తల ఎత్తలేదు. నేను కత్తెర కింద పెట్టేసి చూస్తున్నాను.

అతను కొలిచి, కాగితం మీద రాసుకోబోయాడు.

"అలా కొలిస్తే నీ అలమరా పట్టదు నాయనా" అంది అత్తయ్య, సూది ఆపకుండా.

అతను తిరిగి చూశాడు.

"ఆ మూల వంకర. పైన ఉన్నంత కింద లేదు. నాలుగు వేళ్లు తక్కువొస్తుంది. కింద పెట్టి చూసుకో."

అతను వంగి కింద కొలిచాడు. మళ్లీ పైన కొలిచాడు. తన నాలుగు వేళ్లూ టేపు మీద ఆ తేడాకు ఆనించి చూసుకున్నాడు.

మావయ్య ఇస్త్రీ పెట్టెను అలాగే గుడ్డ మీద ఉంచేశాడు. కమురు వాసన వచ్చింది.

"ఆయన్ని చూడు, చొక్కా కాల్చి కూర చేస్తున్నాడు. పెట్టె ఎత్తు ముందు" అంది అత్తయ్య. ఆ గొంతులో ఇంకా బొంగురు ఉంది. తర్వాత ఫోన్ల అతని వైపు తిరిగి, "వంకర గోడలున్న గది నీకెందుకు నాయనా? పక్క వీధిలో కొత్త మేడ కట్టారు, అక్కడ చూసుకో. ఇక్కడ మాకు పని చాలా ఉంది" అంది.

మా ఆయన సాయంత్రం వచ్చాక ఈ సంగతి చెప్పాను. వెళ్లి, గుమ్మం పైన మసకబారిన దుకాణం బోర్డు దింపి, తడిగుడ్డతో తుడిచి, మళ్లీ మేకులు బిగించాడు.

బడి తెరిచిన రోజు మా వీధంతా తెల్లచొక్కాలే. వాటిలో రెండు మూడు భుజాలు కాస్త జారి ఉన్నాయి. అవి నేను కోసినవి. గుమ్మంలో నిలబడి చూస్తూ అత్తయ్య వాటన్నిటినీ లెక్కగా పట్టుకుంది.

వానలు మొదలయ్యాక మా వదిన వచ్చింది. మా ఆయనకు అక్క. వేరే ఊళ్లో బ్యాంకులో పనిచేస్తుంది. అమ్మకు బాగా లేదని విని వేసవంతా రావాలనుకుంటూనే ఉందట, ఓపిక లేక రాలేకపోయిందట. సంచి గుమ్మంలోనే దించి, చెప్పులు విప్పడానికి గోడ పట్టుకుంది. కూర్చోగానే కళ్లు మూతలు పడ్డాయి. "ఏమీ లేదు, నాకు బద్ధకం ఎక్కువ. మీ అన్నయ్య రోజూ అంటూనే ఉంటారు" అంది నాతో. రెండుసార్లు కడుపు నిలవలేదు తనకు. దాని గురించి మేమెవ్వరం మాట్లాడేవాళ్లం కాదు.

అత్తయ్య కూతురి ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. పిల్లల కొలతలు చూసినట్టు చూసింది, పైనుంచి కిందికి, నెమ్మదిగా. గడ్డం పట్టుకుని ముఖం వెలుతురు వైపు తిప్పింది. కనుబొమల మీద వేలు పెట్టి రాసింది. మెడ మీద, పై గుండీ పడే చోట, అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచింది.

"రేపు పొద్దున్నే ఆసుపత్రి" అంది.

"ఎల్లుండి నేను వెళ్లిపోవాలమ్మా. ఆయన ఒక్కరే ఇబ్బంది పడతారు."

"పడనీ. పెద్దాడేగా, నేర్చుకుంటాడు."

ఆ డాక్టరమ్మే చూసింది. రక్తం ఇచ్చిన మర్నాడు ఫలితం కోసం ముగ్గురం వరండా బల్ల మీద కూర్చున్నాం. వదిన లోపలికి వెళ్లి, కాగితం పట్టుకుని బయటికొచ్చింది. అదే పెద్ద అంకె, అంత పెద్దది కాదు గానీ. కాపలా దారి తప్పడం వదినకూ మొదలైందట. కడుపు నిలవకపోవడానికి అదే కారణమని గట్టిగా చెప్పలేమట. కానీ అదీ ఒక కారణం అయ్యుండొచ్చట, ముందు దీన్ని దారిలో పెడదాం అందట డాక్టరమ్మ.

వదిన మా మధ్య కూర్చుంది. కాగితాన్ని రెండుగా, నాలుగుగా మడిచింది. "నేను బద్ధకస్తురాలిననే అనుకున్నానమ్మా. ఇన్నేళ్లూ" అంది చివరికి.

అత్తయ్య చూపు నేల మీద ఉంది. ఆ వేసవిలో తన జబ్బు పేరు విన్నప్పుడు కూడా ఆవిడ ముఖం అలా కాలేదు.

"నా నుంచే వచ్చింది నీకు. నా ముక్కు ఇచ్చాను, నా మొండితనం ఇచ్చాను, చివరికి ఇదీ ఇచ్చాను" అంది.

"నోరు మాత్రం ఇవ్వలేదు" అంది వదిన.

ఆ మాటకు అత్తయ్య తల ఎత్తి కూతుర్ని చూసింది.

వదిన ఒళ్లో ఫోను మోగింది. అన్నయ్య. తను నా వైపు చూసి, వాళ్లమ్మ వైపు చూసి, ఫోను ఎత్తింది. అవతలి మాటలు మాకు వినబడుతూనే ఉన్నాయి. ఎప్పుడు బయల్దేరుతున్నావు, ఇంకా ఎన్నాళ్లు, వెళ్లింది అమ్మను చూడ్డానికా ఉండిపోవడానికా.

"నాకు ఒంట్లో బాలేదు. మందు మొదలుపెట్టారు. కాస్త కుదుటపడ్డాక వస్తాను" అంది వదిన. మాట మెల్లగా, తడబడుతూ వచ్చింది.

అవతల ఏదో అన్నారు.

అత్తయ్య కూతురి చెవి దగ్గరికి వంగింది. "ఇంకొంచెం గట్టిగా చెప్పు" అంది.